అప్‌డేట్: లుసాకాలో అప్పవాళ్లింట్లో దొంగతనం, పాస్‌పోర్టుల సంగతి

జాంబియాలో మిషనరీలుగా ఉంటున్న మా అప్ప (అక్క), బావల ఇంట్లో దొంగలు పడి పాస్‌పోర్టులు కూడా ఎత్తుకుపోయారని, బొబ్బిలి నుంచి మేం ఏం చెయ్యగలమని అడిగాను కదా.

ముందు అక్కడి పోలీసు రిపోర్టు తీసుకోమన్న సలహాయే పనికొచ్చింది. అది చూపించాకే లుసాకాలోని మన హైకమిషన్‌లో ఫైలు కదిలింది. ఎమర్జెన్సీ సర్టిఫికెట్ చాలన్నారు కొందరు. అది ఇండియాకి తిరిగొచ్చేయడానికి మాత్రమే. వీళ్లు అక్కడే ఉండాలాయె, అందుకే కొత్త పాస్‌పోర్టులకి పెట్టారు. నంబరు మారుతుంది కాబట్టి రెసిడెన్స్ పర్మిట్‌లోనూ మార్పించుకోవాలి, ఆ తిరుగుడు ఇంకా అవ్వలేదు. పాస్‌పోర్టు వెరిఫికేషన్‌కి కానిస్టేబుల్ బొబ్బిలిలో మా ఇంటికొస్తే మా అమ్మ హడలిపోయింది, దొంగతనం అక్కడైతే పోలీసులు ఇక్కడికెందుకని!

కిటికీ గ్రిల్ వంచి దూరారట. ల్యాప్‌టాప్, ఇన్వర్టర్ బ్యాటరీ పోయాయి. డబ్బు కోసం బియ్యం డబ్బా బోర్లించేశారు. అమ్మ పంపిన ఆవకాయ జాడీ మూత తీసి, వేలు పెట్టి చూసి వదిలేశారు. వేలి గుర్తు నూనెలో అలాగే ఉందని బావ నవ్వుతూ చెప్పాడు. అప్ప మాత్రం రాత్రిళ్లు లైటు ఆర్పనివ్వడం లేదు. వచ్చేయమని అమ్మ రోజూ పోరు పెడుతోంది. వాళ్లు రారు.

ఇక్కడ ఇంటికి తాళం వేసి ఊరెళ్లేటప్పుడు ఏం చెయ్యాలని కొందరు అడిగారు: ఏపీ పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ (తాళం వేసిన ఇళ్లపై నిఘా) యాప్‌లో ముందుగా చెబితే ఇంట్లో కెమెరా పెడతారు, ఉచితమే.