సఖినేటిపల్లి నుంచి రోజూ భీమవరం: పంటు దాటి రైలెక్కడం కుదురుతుందా?

సఖినేటిపల్లి పల్లెవాసి:
నమస్కారమండీ. మాది సఖినేటిపల్లి దగ్గర పల్లెటూరు. భీమవరంలో ఉద్యోగం వచ్చింది, తొమ్మిదిన్నరకల్లా సీట్లో ఉండాలి. అమ్మానాన్నలు పెద్దవాళ్లు, ఇల్లు మారే ఉద్దేశం లేదు. రేవులో పంటెక్కి (జనాన్నీ బళ్లనీ దాటించే పెద్ద పడవ) గోదావరి దాటి నరసాపురంలో రైలెక్కితే రోజూ టైముకి చేరతానా? లేక చించినాడ వంతెన మీదుగా పోవడమే మేలా? వానాకాలం తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.

మలికిపురం మాస్టారు:
చేరతారండీ, కానీ గోదావరి ఒప్పుకున్న రోజుల్లోనే. రైలు టైముని బట్టి ఇంట్లో బయల్దేరితే దెబ్బతింటారు. ఆ రైలు అందాలంటే ఏ పంటు ఎక్కాలో చూసుకుని, దానికి ముందు పంటుకి రేవులో ఉండండి. రద్దీ ఉంటే ఒకటి వదులుకోవాల్సి వస్తుంది, ఆటోలూ కార్లూ ముందే ఎక్కేస్తే బైకులకి చోటుండదు.

బండి ఈ ఒడ్డున పెట్టాలా, పంటెక్కించాలా అన్నది అసలు లెక్క. అవతల మాధవాయిపాలెం రేవు నుంచి స్టేషనుకి నడిచే దూరం కాదు. ఆటో నిండేదాకా కూర్చుంటే రైలు పోతుంది. బైకు పంటెక్కిస్తే రేవు ఛార్జీ ఎక్కువైనా నేరుగా స్టేషను స్టాండులో పెట్టుకోవచ్చు. పాటు వేళ (సముద్రం వెనక్కి తగ్గినప్పుడు) నీరు దిగిపోయి పంటు ఎక్కే రేకు బాగా వాలుతుంది, దాని మీద ఒండ్రు పేరుకుంటుంది. అప్పుడు ముందు బ్రేకు పట్టకండి, దిగి నడిపించుకోండి. ఆఫీసు బట్టలతో ఆ బురదలో పడ్డవాళ్లని చూశాను.

డిసెంబరు, జనవరి నెలల్లో మంచు పట్టిన పొద్దుల్లో అవతలి ఒడ్డు కనపడేదాకా పంటు కదలదు. ఆ రెండు నెలలూ ఇంకాస్త ముందు లేవాల్సిందే.

రాజోలు నుంచి:
వరదల సంగతి నేను చెబుతా. జులై, ఆగస్టుల్లో రోజూ రాత్రి ధవళేశ్వరం బ్యారేజీ కబురు చూసి పడుకోండి. అక్కడ వదిలే నీరు 10 లక్షల క్యూసెక్కులకి చేరితే మొదటి హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. మొదటిది పడిందంటే రేవు మీద ఆశ వదులుకోండి. ఉరవడి ఎక్కువైతే అంతకు ముందే ఆపేయడమూ ఉంది.

ఆ రోజుల్లో దిండి, చించినాడ వంతెన దాటి పాలకొల్లులో రైలెక్కండి. భీమవరం వైపు వెళ్లే దారిలోనే ఉంది కాబట్టి నరసాపురం దాకా వెళ్లక్కర్లేదు. నన్నడిగితే వరద లేని రోజు కూడా తిరుగు ప్రయాణానికి ఆ దారి తెలిసుండాలి. రాత్రి పంటు ఆగిపోయాక రైలు దిగితే నరసాపురంలో ఇరుక్కుపోతారు.

భీమవరం సీజన్ టికెట్టు బ్యాచ్:
నెల పాస్ తీసుకోండి, మూడు నెలలదైతే సుమారు 2.7 నెలల డబ్బే పడుతుంది. పాస్ నరసాపురం నుంచే తీసుకోండి, దారిలో ఉన్న పాలకొల్లులో ఎక్కినా చెల్లుతుంది. కాకపోతే పాస్ ఉంది కదా అని రిజర్వేషన్ బోగీలో ఎక్కితే జరిమానా. గుర్తింపు కార్డు కూడా దగ్గరుండాలి.

ఇంకోటి. భీమవరంలో రెండు స్టేషన్లు. నరసాపురం నుంచి వచ్చే రైలు ముందు జంక్షన్‌కి వస్తుంది. గుడివాడ వైపు పోయేదైతే తర్వాత టౌన్‌కి వెళుతుంది. నిడదవోలు వైపు పోయేదైతే టౌన్ ముఖమే చూడదు. మీ ఆఫీసు ఎక్కడో చెప్పండి.

సఖినేటిపల్లి పల్లెవాసి:
టౌన్ స్టేషను దగ్గరేనండీ. మరి ఈ రేవుకి వంతెన, కోనసీమకి రైలు ఎప్పుడొస్తాయంటారు?

మలికిపురం మాస్టారు:
ఆయ్, అది అడక్కండి! కోటిపల్లి–నరసాపురం లైను బాలయోగి గారు లోక్‌సభ స్పీకరుగా ఉన్నప్పుడు మంజూరైంది, 57 కిలోమీటర్లు. గౌతమి, వైనతేయ, వశిష్ఠ, ఈ మూడు గోదావరి పాయలూ దాటాలి. ఇక మన రేవు మీద వంతెనకి శంకుస్థాపనలైతే అయ్యాయి. మీరు పంటునే నమ్ముకోండి.

పంటు ఛార్జీ మాత్రం ఇక్కడ ఎవరు చెప్పినా పట్టించుకోకండి. రేవుకి వేలం పాట ఉంటుంది, పాటదారు మారితే రేటూ, మొదటి పంటు, ఆఖరి పంటు వేళలూ మారొచ్చు. ఓ సాయంత్రం రేవుకి వెళ్లి టికెట్టు కొట్టే కుర్రాణ్ణి అడిగేయండి.

సఖినేటిపల్లి పల్లెవాసి:
సరేనండీ, రేపే వెళ్తా. చివరిగా ఒక్కటి, అంతర్వేది తీర్థం రోజుల్లో ఎలా?

రాజోలు నుంచి:
భీష్మ ఏకాదశికి గోదావరి జిల్లాల జనమంతా ఆ రేవులోనే ఉంటారు. చించినాడ వైపు వెళ్లండి, లేదా సెలవు పెట్టి మీరూ కల్యాణం చూసి రండి.