అరచేయంత రెక్కల పురుగు, ఏమీ తినట్లేదు

మిద్దెతోట_కడప: పొద్దున ఆరింటి నుంచి ఇదే టెన్షన్. ఎర్రముక్కపల్లిలో మా ఇంటి గోడకు అరచేయంత సీతాకోకచిలుక అతుక్కుని ఉంది. చక్కెర నీళ్లు, తేనె, మాగిన అరటిపండు అన్నీ పెట్టినాను, దేన్నీ ముట్టలేదు. మధ్యాహ్నం రెండయింది, కదల్లేదు. చచ్చిపోతుందేమో, త్వరగా చెప్పండి.

ఆకుపచ్చ: రంగు? దగ్గర్లో ఏ చెట్టుంది?

మగ్గం_ధర్మవరం: పట్టుపురుగే అయ్యుంటుంది, మల్బరీ ఆకు పెట్టండి. మా చీరలకు దారం దాన్నుంచే. గూళ్లు హిందూపురం మార్కెట్టుకు వస్తాయి, వాటిని ఉడకబెడితేనే దారం తెగకుండా వస్తుంది, లోపలి పురుగు అక్కడే చచ్చిపోతుంది, అందుకే రెక్కలొచ్చిన చిలుక ఎవరికీ కనపడదు.

ఆకుపచ్చ: మల్బరీది తెల్లగా, చిన్నగా ఉంటుంది, ఎగరలేదు. ఇది అది కాదు.

తెలుగుమాట: ముందు పేరు సరిచేయండి. రాత్రి తిరిగేది చిమ్మట, సీతాకోకచిలుక కాదు.

మగ్గం_ధర్మవరం: మా వైపు చిమ్మటంటే రాత్రంతా కీచుమని అరిచేది.

తెలుగుమాట: బట్టలు కొరికేదాన్నీ అదే మాటతో అంటారు కదా.

మిద్దెతోట_కడప: పేరు తర్వాత చూద్దామన్నా. ఇటుక రంగు. నాలుగు రెక్కల మీదా గుండ్రటి మచ్చలు, అద్దం పెట్టినట్టు, వాటిలోంచి గోడ సున్నం కనిపిస్తోంది. గేటు దగ్గర బాదం చెట్టుంది.

ఆకుపచ్చ: ఈ మాట ముందే చెప్పుంటే సరిపోయేది. దసలి పట్టు చిలుక, అంటే అడవి చెట్ల మీద పెరిగే పట్టుపురుగుకు రెక్కలొచ్చిన రూపం. పురుగుగా ఉన్నప్పుడు బాదం, మద్ది, రేగు ఆకులు తింటుంది. రెక్కలొచ్చాక తినడానికి నోరే పనిచేయదు, ఒంట్లో దాచుకున్న కొవ్వుతోనే ఓ వారం బతుకుతుంది. తేనె తీసేయండి, చీమలొస్తాయి. మీసాలు ఈకల్లా బాగా వెడల్పుగా ఉంటే మగది, ఆడదాని వాసన వాటితోనే పడుతుంది. చీకటి పడ్డాక బయట లైటు ఆపండి, అదే పోతుంది. కొమ్మలకు కోడిగుడ్డులాంటి గట్టి గూడు కాడతో వేలాడుతోందేమో చూడండి.

మగ్గం_ధర్మవరం: దసలి తెలంగాణలోని మహాదేవపూర్, చెన్నూరు అడవుల్లో కదా, కడపలో ఎక్కడిది?

ఆకుపచ్చ: అక్కడ పెంచుతారు. పురుగుకు చెట్టుంటే చాలు.

మిద్దెతోట_కడప: ఎనిమిదికి లైటు ఆపినాం, ఇప్పుడు గోడ మీద లేదు. టార్చి వేసి చూస్తే గూడు ఒకటి దొరికింది, ఒక కొసన చిల్లుంది. పోయిన నెల ఆ చెట్టు మీద వేలంత లావు పచ్చ పురుగులుంటే మందు కొట్టించినాం, అప్పుడు తెలియలేదు. థ్యాంక్సన్నా.

తెలుగుమాట: ఇంతకీ చిమ్మటకు మీ ఊళ్లలో ఏమంటారో ఎవరూ చెప్పలేదు.