కేటగిరీ ఎంచుకునే క్యాష్ బ్యాక్ కార్డు మేలా, అన్నిటికీ రెండు శాతం ఇచ్చేది చాలా?

ప్లేనో వాసి:
అందరికీ నమస్కారం. మేం అమెరికాలో ఉంటాం, ఇద్దరు పిల్లలతో కలిపి నలుగురం. అన్నిటికీ ఒకటే కార్డు వాడుతున్నాం, వెల్స్ ఫార్గో యాక్టివ్ క్యాష్, ఎక్కడ గీకినా ఖర్చులో రెండు శాతం వెనక్కి ఇస్తుంది. బ్యాంక్ ఆఫ్ అమెరికా కస్టమైజ్డ్ క్యాష్ తీసుకోమని ఆఫీసులో ఒకాయన తెగ చెబుతున్నారు. పెట్రోలు, ఆన్‌లైన్ షాపింగ్, హోటల్ భోజనం, ప్రయాణాలు, మందుల షాపులు, ఇంటి రిపేర్లు-ఫర్నిచర్, ఈ ఆరింట్లో మనం ఎంచుకున్న దానికి మూడు శాతం, కిరాణాకీ కాస్ట్‌కో లాంటి హోల్‌సేల్ క్లబ్బులకీ రెండు, మిగతా వాటికి ఒకటి. యాన్యువల్ ఫీజు లేదు. ఇంకో కార్డు, ఇంకో బిల్లు, ఇంకో టెన్షన్ ఎందుకని మా ఆవిడ అంటోంది. నెలకి కిరాణా, కాస్ట్‌కో కలిపి 800 డాలర్లు, ఆన్‌లైన్ 600 అవుతాయి. మీరైతే ఏం చేస్తారు?

ఎడిసన్ అక్క:
మీ ఆవిడ మాటే రైటు తమ్ముడూ. ఆ మూడు శాతానికి క్వార్టర్‌కి, అంటే మూడు నెలలకి, 2,500 డాలర్ల లిమిట్ ఉంది. మొత్తం ఆ కేటగిరీలోనే ఖర్చు పెట్టినా వచ్చేది 75 డాలర్లు, మీ చేతిలో ఉన్న కార్డుతో అదే ఖర్చుకి 50 వస్తాయి. తేడా 25, అంటే ఏడాదికి ఎంత లాగినా 100 డాలర్లు. దానికోసం ఇంటిల్లిపాదీ ఏ కార్డు ఎక్కడ వాడాలో గుర్తుపెట్టుకోవాలి. ఒక్క నెల బిల్లు కట్టడం మర్చిపోతే లేట్ ఫీజు, దానిపైన 20 శాతం దాటిన వార్షిక వడ్డీ, ఏడాది సంపాదన అందులోనే పోతుంది. నేను ఇలాంటివి చూసి చూసి చెబుతున్నాను, ఒక కార్డుతో ప్రశాంతంగా ఉండండి.

గార్లాండ్ బాబాయ్:
అక్కగారూ, లెక్క కరెక్టే కానీ కేటగిరీ కార్డులన్నీ ఒకటి కాదండీ. నా దగ్గర యూఎస్ బ్యాంక్ క్యాష్ ప్లస్ ఉంది, అందులో రెండు కేటగిరీలకి ఐదు శాతం, క్వార్టర్‌కి రెండూ కలిపి 2,000 డాలర్ల దాకా. నేను కరెంటు బిల్లుల కేటగిరీ, టీవీ-ఇంటర్నెట్ కేటగిరీ పెట్టుకున్నాను. టెక్సస్ ఎండల సంగతి తెలుసు కదా, జులై, ఆగస్టుల్లో ఏసీ ఆపే ప్రసక్తే లేదు, కరెంటు 350 వస్తుంది, ఇంటర్నెట్ 70. మూడు నెలలకి 1,260 ఖర్చు, 63 డాలర్లు వెనక్కి. రెండు శాతం కార్డులో అదే 25. పైగా ఇవి ఎలాగూ కట్టే బిల్లులు, బిల్లు దానంతటదే కట్టేసే ఆటోపేలో ఈ కార్డు పెట్టేస్తే షాపులో నిలబడి ఏది తీయాలా అని ఆలోచించే పనే లేదు.

ఎడిసన్ అక్క:
బాబాయ్‌గారూ, కార్డుతో కడితే ఫీజు అడిగే కంపెనీలు లేవా? మా ఊళ్ళో నీళ్ళ బిల్లుకి కార్డు ఫీజు రెండు శాతం పైనే. ఐదులో రెండు అక్కడే పోతే మిగిలేది మూడు. అదీ కాక క్యాష్ ప్లస్‌లో ప్రతి క్వార్టర్ మళ్ళీ కేటగిరీ ఎంచుకోవాలి, ఎంచుకోకపోతే ఆ మూడు నెలలూ అన్నిటికీ ఒక్క శాతమే. ఇంట్లో ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ పిల్లల స్కూళ్ళు చూసుకునేవాళ్ళకి అది చిన్న విషయం కాదు.

గార్లాండ్ బాబాయ్:
ఫీజు ఉన్నచోట బ్యాంకు ఖాతా నుంచే కట్టండి, అందులో వాదనే లేదు. మా కరెంటు కంపెనీ ఏమీ తీసుకోదు. క్వార్టర్ మారే ముందు ఫోన్‌లో అలారం పెట్టుకుంటే రెండు నిమిషాల పని అండీ.

ఫ్రీమాంట్ లెక్కలు:
ప్లేనో బ్రదర్, ఎవరూ చెప్పని పాయింట్ ఒకటి ఉంది, మీకు అసలైనది అదే. ఆ 2,500 లిమిట్ మూడు శాతం కేటగిరీకి ఒక్కదానికే కాదు, రెండు శాతం వచ్చే కిరాణా, కాస్ట్‌కో కూడా కలిపి. మీ లెక్కే తీసుకుందాం. క్వార్టర్‌కి కిరాణా 2,400, ఆన్‌లైన్ 1,800, మొత్తం 4,200. అన్నీ ఆ కార్డు మీదే పెడితే 2,500 అవ్వగానే మిగతా 1,700కి ఒక్క శాతమే. ఖర్చులు రెండూ సమానంగా కలిసి వస్తాయనుకుంటే మొత్తం మీద సుమారు 78 డాలర్లు వస్తాయి. ఇప్పుడు మీరు వాడే కార్డుకే 84 వస్తున్నాయి! అంటే కొత్త కార్డు తీసుకుని నష్టపోతారు. ఇంట్లో ఒకే కార్డు ఉండాలనుకునేవాళ్ళు మటుకు ఈ కార్డు జోలికి పోవద్దని నేను గట్టిగా చెబుతాను.

కానీ కిరాణా, కాస్ట్‌కో పాత కార్డు మీదే ఉంచి, కొత్త కార్డుని ఆన్‌లైన్‌కి మాత్రమే వాడితే 1,800కి 54, 2,400కి 48, మొత్తం 102. క్వార్టర్‌కి 18, ఏడాదికి 72 డాలర్లు ఎక్కువ. కేటగిరీ ఆన్‌లైన్ అని ఒకసారి పెడితే మళ్ళీ మార్చక్కర్లేదు, కావాలంటే నెలకోసారి మార్చుకోవచ్చు. షాపింగ్ యాప్‌లలో ఈ కార్డు నంబరు సేవ్ చేసి కార్డుని బీరువాలో పెట్టేయండి, మేం చేసేది అదే. దీనికి వదినగారు కూడా అభ్యంతరం చెప్పరనుకుంటా.

డెంటన్ ఎంఎస్:
అన్నా, మధ్యలో అడుగుతున్నందుకు సారీ. నేను ఎంఎస్ చదవడానికి వచ్చి ఇంకా సెమిస్టర్ కాలేదు, క్రెడిట్ హిస్టరీ, అంటే ఇక్కడ అప్పు తీసుకుని తీర్చిన రికార్డు, లేదు. సిటీ కస్టమ్ క్యాష్ బాగుంటుందని రూమ్మేట్స్ అంటున్నారు, ఎక్కువ ఖర్చు ఎందులో అయితే దానికే ఐదు శాతం తనంతట తానే ఇస్తుందంట కదా?

ఫ్రీమాంట్ లెక్కలు:
అవును, కార్డు జాబితాలో ఉన్నవాటిలో బిల్లింగ్ నెలలో ఎక్కువ ఖర్చయిన కేటగిరీకి 500 డాలర్ల దాకా ఐదు శాతం, మనం ఏదీ ఎంచుకోనక్కర్లేదు. బద్ధకస్తులకి ఇదే బెస్టు. హిస్టరీ లేకుండా మాత్రం కష్టం తమ్ముడూ. డిపాజిట్ కట్టి తీసుకునే సెక్యూర్డ్ కార్డుతో మొదలుపెట్టు, కస్టమైజ్డ్ క్యాష్‌లోనూ సెక్యూర్డ్ రకం ఉంది. నీకిప్పుడు క్యాష్ బ్యాక్ కన్నా నెలనెలా బిల్లు మొత్తం కట్టడమే ముఖ్యం, రేపు కారు లోనుకి పనికొచ్చేది అదే.

ఎడిసన్ అక్క:
ఇంకోటి కూడా చెప్పు ఆ అబ్బాయికి. కిరాణా కేటగిరీ అంటే మన ఇండియన్ స్టోర్లన్నీ అందులోకి వస్తాయని నమ్మకం పెట్టుకోవద్దు. షాపువాళ్ళ మెషిన్ ఏ మర్చంట్ కోడ్‌తో, అంటే ఏ రకం వ్యాపారమో చెప్పే నంబరుతో, రిజిస్టర్ అయిందో బ్యాంకు అదే చూస్తుంది. సూపర్ మార్కెట్లకి 5411. చిన్న షాపు వేరే కోడ్ కింద ఉంటే పప్పులు, బియ్యం కొన్నా ఒక శాతమే. వాల్‌మార్ట్, టార్గెట్ కూడా మామూలుగా కిరాణా కిందకి రావు. మా వీధి చివరి స్టోరుది రెస్టారెంట్ కోడ్, లోపల బిర్యానీ కౌంటర్ ఉందని కాబోలు. అందుకే అంటున్నాను, ఏది ఎందులో పడుతుందో తెలియని ఈ గోల కన్నా ఎక్కడైనా రెండు అన్నదే నయం.

గార్లాండ్ బాబాయ్:
ఆ కోడ్ సంగతి నేనూ ఒప్పుకుంటాను. ఒకసారి చిన్న మొత్తం గీకి, స్టేట్‌మెంట్‌లో ఏ కేటగిరీ పడిందో చూసుకోవాలి.

ప్లేనో వాసి:
అందరికీ థాంక్స్. లిమిట్ కిరాణాతో కలిపి అన్న సంగతి ఆఫీసాయన చెప్పనే లేదు. ఆన్‌లైన్‌కి మాత్రమే తీసుకుంటాను, మా ఆవిడకి ఫ్రీమాంట్ బ్రదర్ లెక్క చూపించాను, సరే అంది. డిసెంబర్‌లో ఇండియా వెళ్తున్నాం, చెల్లి పెళ్ళికి నగలు కొనాలి. వీటిలో ఏదైనా అక్కడ గీకొచ్చా?

ఫ్రీమాంట్ లెక్కలు:
వద్దు. కస్టమైజ్డ్ క్యాష్‌కీ, మీ యాక్టివ్ క్యాష్‌కీ విదేశీ లావాదేవీ ఫీజు మూడు శాతం. 5,000 డాలర్ల నగకి 150 ఫీజు పోతుంది. ఫారిన్ ఫీజు లేని కార్డు ఉంటే అది తీసుకెళ్ళండి, లేకపోతే ముందే ఇండియాలో మీ ఖాతాకి పంపుకోండి. పంపేటప్పుడు మాత్రం బ్యాంకు ఖాతా నుంచే పంపండి. క్రెడిట్ కార్డుతో పంపితే క్యాష్ అడ్వాన్స్‌గా, అంటే కార్డు మీద తీసుకున్న నగదు అప్పుగా, లెక్కేసి, ఫీజుతో పాటు ఆ రోజు నుంచే వడ్డీ వేసే బ్యాంకులు ఉన్నాయి.