అప్‌డేట్: నాన్న ఎక్స్‌రేలోని మచ్చ పాతదే, ఇప్పుడు టీబీ లేదు

రెండు నెలల కింద ఇక్కడ అడిగాను. హెర్నియా ఆపరేషన్‌కు ముందు తీసిన ఎక్స్‌రేలో నాన్నకు కుడి ఊపిరితిత్తి పైభాగాన మచ్చ ఉందని, రిపోర్టులో ‘ఓల్డ్ కాక్స్?’ అని రాశారని, అంటే ఇప్పుడు టీబీ ఉన్నట్టేనా అని. కాక్స్ అంటే టీబీయే. 1882లో ఆ క్రిమిని కనిపెట్టిన రాబర్ట్ కాక్ పేరు.

"పాత ఎక్స్‌రే ఉందేమో వెతుకు" అన్న అన్నకు దండాలు. అదే పనికొచ్చింది. 2011లో నెమ్ము చేసినప్పుడు తీసిన ఫిల్ము అమ్మ ట్రంకు పెట్టెలో, పట్టుచీరల కింద దొరికింది, కలరా ఉండల వాసనతో. కర్నూలులో ఛాతీ డాక్టరు రెండింటినీ లైటు మీద పక్కపక్కన పెట్టారు. అదే చోట, అవే గీతలు. ఇన్నేళ్లలో రవ్వంత కూడా పెరగలేదు.

అయినా ఎక్స్‌రే ఒక్కటే చూసి తేల్చకూడదని గళ్ల పరీక్ష రాశారు. ప్రభుత్వాసుపత్రిలో సీబీనాట్ (గళ్లలో టీబీ క్రిమి జన్యువును వెతికే పరీక్ష) ఉచితంగానే చేశారు, నెగెటివ్. గళ్లలో క్రిమి పెరుగుతుందేమో చూసే కల్చర్‌కు ఆరు వారాలు పట్టింది, అందుకే ఈ ఆలస్యం. అదీ నెగెటివే.

మాంటూ (చేతికి సూదేసి చూసే టీబీ చర్మ పరీక్ష) పాజిటివ్ అని నేను పడిన టెన్షన్ అంతా వృథా. క్రిమి ఎప్పుడో ఒంట్లోకి పోయి ఉన్నా అది పాజిటివ్ రావచ్చట, ఇప్పుడు జబ్బు ఉందో లేదో చెప్పదు. ఆ మచ్చ బేతంచెర్ల బండల పాలిష్ దుమ్ము వల్ల వచ్చిందేమో అన్న అనుమానం కూడా నిజం కాదన్నారు.

మందులేమీ రాయలేదు. రెండు వారాలు దాటి దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, గళ్లలో రక్తం, వీటిలో ఏదున్నా వెంటనే రమ్మన్నారు.

ఆపరేషన్ మొన్న బాగా జరిగింది. బీడీలు మానమన్నందుకు మాత్రం నాన్న డాక్టరు మీద ఇంకా కోపంగానే ఉన్నాడు.