బెస్ట్ పిజ్జా షాపు అని ఎవరిని అనాలి? ఉమ్మడి నల్గొండ, పాలమూరు వాళ్లు చెప్పండి

పానగల్లు వాసి (నల్గొండ)

మా కాలనీ వాట్సాప్ గ్రూపులో నిన్న ఒక లిస్టు తిరిగింది. ఉమ్మడి నల్గొండ, పాలమూరు జిల్లాల్లో బెస్ట్ పిజ్జా షాపులట. మొదటి మూడు పెద్ద బ్రాండ్లే. నాలుగోది, చీజ్ తీగలు సాగే వీడియోలు ఇన్‌స్టాలో పెట్టే షాపు. సొంతంగా పిండి కలుపుకుని చేసేవాళ్లలో ఒక్కరి పేరూ లేదు. ఇది నాకు అన్యాయమనిపించింది, అందుకే ఇక్కడ పెడుతున్నా.

ఆ లిస్టులో ప్రతి షాపు పక్కన చీజ్ ఎంత వేస్తారు, ఆఫర్ ఏముంది, ఏసీ ఉందా అని రాశారు. రొట్టె ఎలా ఉందో ఒక్క ముక్క లేదు. పిజ్జాకు పేరున్న ఇటలీ ఊరు నేపుల్స్ వాళ్ల కొలతల్లోనే చూడండి: ఒక పిజ్జాకి పిండి ముద్ద 200 నుంచి 280 గ్రాములు, మొజరెల్లా చీజ్ 80 నుంచి 100 గ్రాములు. అంటే మనం తినేదాంట్లో సగానికి పైగా రొట్టే. దాన్ని వదిలేసి పైన చల్లినదానికి మార్కులు వేస్తే ఎలా?

నేను చెప్పేది ఒక్కటే. ఏ షాపును బెస్ట్ అనాలన్నా ముందు అక్కడి సాదా మార్గరీటా తినాలి. టమాటా సాస్, మొజరెల్లా, నాలుగు బేసిల్ ఆకులు, కొంచెం నూనె. పనీర్ టిక్కా, మయోనైజ్, పెరి పెరి పొడి పడితే పిండి ఎంత చప్పగా ఉన్నా తెలియదు. మార్గరీటాలో మొదటి ముద్దకే దొరికిపోతుంది. నేపుల్స్‌లో 1870 నాటి ‘దా మికేలే’ అనే పిజ్జేరియా ఏళ్ల తరబడి రెండే రకాలతో నడిచింది: మార్గరీటా, మరినారా. మరినారాలో అసలు చీజే ఉండదు. దానికోసం కూడా జనం నంబరు చీటీ పట్టుకుని వీధిలో నిలబడతారు.

జడ్చర్ల అన్న

తమ్ముడూ, నీ బాధ అర్థమైంది కానీ బ్రాండ్లను అంత తేలిగ్గా తీసెయ్యకు. డామినోస్ ఢిల్లీలో, పిజ్జా హట్ బెంగళూరులో మొదటి షాపులు తెరిచింది 1996లో. మన జిల్లాల దాకా పిజ్జా అనే మాట వచ్చిందే వాళ్ల వల్ల.

నాది హైవే మీద ట్రాన్స్‌పోర్ట్ పని. ఏ ఊర్లో దిగినా, రాత్రి పదిన్నరకు ఆర్డర్ పెట్టినా అదే రుచి వస్తుంది. మన ఊరి షాపుల్లో మాస్టర్ పెళ్లికని నాలుగు రోజులు సెలవు పెడితే పిజ్జా వేరే అయిపోతుంది. ఒకరోజు అద్భుతంగా ఉండి మర్నాడు మాడిపోయే షాపును బెస్ట్ అని నేను మా చుట్టాలకు ఎలా చెప్పాలి?

ఇంకో మాట. నువ్వు పిండి పిండి అంటున్నావు కదా, డామినోస్ వాళ్లు పిండి ముద్దలను తమ సెంట్రల్ కిచెన్‌లో చేసి చల్లటి బండ్లలో షాపులకు పంపుతారు. అక్కడ చేత్తో సాగదీసి కాలుస్తారు. మన దగ్గర ‘సొంత పిజ్జా’ అని బోర్డు పెట్టినవాళ్లలో చాలామంది కిరాణా షాపులో దొరికే రెడీమేడ్ బేస్ ప్యాకెట్ చింపుతున్నారు. నీ లెక్క ప్రకారం ఎవరు గెలవాలి?

పాలమూరు పిల్ల (మహబూబ్‌నగర్, ఉద్యోగం హైదరాబాద్‌లో)

మీరిద్దరూ అసలు కొలమానం వదిలేసి మాట్లాడుతున్నారు. పిజ్జాకు ఒక పద్ధతి రాసి పెట్టి ఉంది. నేపుల్స్‌లో 1984లో ‘వెరాచే పిజ్జా నపొలెతానా’ అనే సంఘం పెట్టుకున్నారు. పిండిలో మైదా లాంటి మెత్తటి గోధుమ పిండి, నీళ్లు, ఉప్పు, ఈస్ట్, ఇవి నాలుగే. నూనె లేదు, చక్కెర లేదు. కట్టెల పొయ్యి వేడి దాదాపు 485 డిగ్రీలు. అందులో పిజ్జా ఉండేది 60 నుంచి 90 సెకన్లు. అంచు ఉబ్బి, లోపల బోలుగా, పైన అక్కడక్కడా నల్ల మచ్చలతో రావాలి. ఈ విద్యను యునెస్కో 2017లో మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

హైదరాబాద్‌లో కట్టెల పొయ్యి పిజ్జా తిన్న తర్వాత నాకు మన ఊరిది పిజ్జా అనిపించడం లేదు. పొగరుతో అనడం లేదు. అంత వేడి లేకపోతే ఆ అంచు రాదు, అంతే. కాబట్టి మన జిల్లాల్లో ‘బాగుంది’ అనిపించుకునే షాపులు ఉండొచ్చు. బెస్ట్ అనే బిరుదు మాత్రం పొయ్యి కట్టుకున్నవాళ్లకే ఇవ్వాలి.

సూర్యాపేట తమ్ముడు

అక్కా, కారం లేని పిజ్జా మన దగ్గర ఎవరు తింటారు? మా ఫ్రెండ్స్ అందరం పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ, చికెన్ వేయించుకునే తింటాం. మార్గరీటా ఆర్డర్ ఇస్తే ‘పైన ఏం వేయలేదేంది’ అని అడుగుతారు. బెస్ట్ అంటే మనకు నచ్చేది కావాలి కానీ ఇటలీ వాళ్లకు నచ్చేది కాదు.

పానగల్లు వాసి

అందరికీ ఒక్కొక్కటిగా చెప్తా.

ముందు పాలమూరు చెల్లెకు. నేపుల్స్ పద్ధతి మీద నాకూ గౌరవం ఉంది. కానీ అదొక్కటే పద్ధతి అంటే ఒప్పుకోను. అమెరికాలో న్యూ హేవెన్ అనే ఊర్లో ఫ్రాంక్ పెపె 1925లో పెట్టిన షాపులో ఇప్పటికీ బొగ్గు పొయ్యే. పిజ్జా పల్చగా, కరకరలాడుతూ, అంచు నల్లబడి వస్తుంది. షికాగోలో 1943లో మొదలైన పిజ్జేరియా యునో పెనంలో లోతుగా పిండి పరిచి చాలాసేపు కాలుస్తుంది. ఈ రెండూ నేపుల్స్ రూలుకు సరిపోవు. అయినా వాటి కోసం జనం ఊళ్లు దాటి వస్తారు. ఇటలీ వాళ్లే నడిపే 50 టాప్ పిజ్జా జాబితాలో 2024లో ప్రపంచంలో మొదటి స్థానం న్యూయార్క్‌లోని ఊనా పిజ్జా నపొలెతానాకు ఇచ్చారు. అది నేపుల్స్ తరహా పిజ్జానే, కాదనను. కానీ ఉన్న ఊరు అమెరికా. ఎవరు ఎక్కడ ఉన్నారని కాకుండా, పిండితో ఏం చేస్తున్నారని చూశారు.

మన ఊర్లో ఏం చేస్తున్నారో కూడా చూడండి. నల్గొండలో నేను వెళ్లే ఒక చిన్న షాపులో గల్లా పక్కనే బల్ల ఉంటుంది, చేసేది మొత్తం కనపడుతుంది. ఆయన ఫ్రిజ్‌లోంచి ట్రే తీసి, ముద్దను పొడి పిండిలో పెట్టి, రెండు చేతుల వేళ్ల కొసలతో నడిమి నుంచి అంచుకు నొక్కుతాడు. అంచు దగ్గర వేలంత వెడల్పు ముట్టుకోడు. లోపలి గాలంతా ఆ అంచులోకి పోతుంది. అప్పుడప్పుడూ ఒక బుడగ పైకి లేస్తే దాన్ని పగలగొట్టకుండా అలాగే వదిలేస్తాడు. అప్పడాల కర్ర బల్ల మీద అసలు కనపడదు. కర్రతో రుద్దితే ఆ గాలి పోతుంది, ఇంక ఎంత కాల్చినా అంచు లేవదు. ఆయన దగ్గర ఉన్నది మామూలు కరెంటు ఓవెన్. అందులో 485 డిగ్రీలు రావు. అయినా ముక్క తిప్పి చూస్తే అడుగున గోధుమ రంగు మచ్చలు సమంగా ఉంటాయి, అంచు విరిస్తే లోపల చిన్నా పెద్దా రంధ్రాలు కనపడతాయి. తిన్నాక నోట్లో పిండి వాసన ఉండదు. ఈయనకు బెస్ట్ అనిపించుకునే అర్హత లేదంటే నేను ఊరుకోను.

జడ్చర్ల అన్నా, రెడీమేడ్ బేస్ గురించి నువ్వన్నది నూటికి నూరుపాళ్లు నిజం. ఆ బేస్ ఫ్యాక్టరీలో ఒకసారి కాలి వచ్చినదే. షాపులో మళ్లీ కాలిస్తే ఉన్న తేమ కూడా పోయి రస్కులా అవుతుంది. దాని మీద ఎంత చీజ్ పోసినా పేరు గొప్ప ఊరు దిబ్బే. అలాంటి షాపు కంటే బ్రాండే నయం. బ్రాండ్లను లిస్టులోంచి తీసెయ్యమని నేను అనడం లేదు. మార్గరీటా పరీక్ష వాళ్లకూ పెడదాం.

సూర్యాపేట తమ్ముడూ, నువ్వు చికెనే తిను, ఎవరూ వద్దనరు. కానీ చికెన్ ముక్కలు పక్కకు తీసి ఆ రొట్టె ఒక్కటే కొరికి చూడు. అది తినబుద్ధి కాకపోతే ఆ షాపులో నువ్వు మెచ్చుకునేది మసాలానే.

మిర్యాలగూడ బేకరీ

నేను బేకరీ నడుపుతా, పిజ్జా కూడా అమ్ముతా. తినేవాళ్లు ఇంతసేపు మాట్లాడారు కాబట్టి చేసేవాడి కష్టం కూడా వినండి.

పిండి కలపడం పెద్ద పని కాదు, దాన్ని కాపాడటం పని. ఈస్ట్‌కు 25 డిగ్రీల దగ్గర హాయిగా ఉంటుంది. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో వంటగది బయటే 43, 44 ఉంటుంది. పొద్దున కలిపిన పిండి మధ్యాహ్నానికే పొంగి, పులిసి, చేతికి జారిపోతుంది. ఫ్రిజ్‌లో పెట్టి ఒకటి రెండు రోజులు నెమ్మదిగా పులియనిస్తేనే రుచి వస్తుంది, సాగుతుంది కూడా. దానికి ఇంకో ఫ్రిజ్ కావాలి, కరెంటు పోతే ఇన్వర్టర్ కావాలి. అమ్ముడుపోని ముద్దలు పారెయ్యాలి. రెడీమేడ్ బేస్‌కు ఈ టెన్షన్ ఏదీ లేదు, అందుకే చాలామంది అటు పోయారు. మేము ఎండాకాలంలో ఐస్ నీళ్లతో కలుపుతాం, ఈస్ట్ బాగా తగ్గిస్తాం. అలా చేస్తేనే నిలబడుతుంది.

చీజ్ సంగతి ఎవరూ ఎత్తలేదు. నా లెక్కలో అది పిండి కంటే ముందు చూడాల్సింది. ఇటలీలో పేరున్న మొజరెల్లా బర్రె పాలది. మనకు బర్రె పాలకు కొదవ లేదు. అయినా చాలా షాపుల్లో వాడేది చీజ్ కాదు, పాల కొవ్వు బదులు పామాయిల్ లాంటి నూనె కలిపిన అనలాగ్. ప్యాకెట్ మీద ఆ మాట రాసే ఉంటుంది, కస్టమర్‌కు ప్యాకెట్ కనపడదు. వేడి మీద అదీ సాగుతుంది. చల్లారాక చూడండి, రబ్బరులా గట్టిపడి ఒకే అట్టగా లేచి వస్తుంది. తీగ ఎంత పొడుగు సాగిందని వీడియోలు చూసి లిస్టు వేసేవాళ్లకు ఈ తేడా ఎట్లా తెలుస్తుంది?

తాజా మొజరెల్లా వాడాలని కూడా పట్టుబట్టకండి. అందులో నీళ్లెక్కువ. కట్టెల పొయ్యిలో ఒకటిన్నర నిమిషంలో పని అయిపోతుంది కాబట్టి సరిపోతుంది. మా ఓవెన్‌లో ఏడెనిమిది నిమిషాలు ఉంచితే నడిమధ్యలో మడుగు కడుతుంది. నీళ్లు తక్కువున్న మొజరెల్లానే మాకు సరైనది. అది నిజమైన చీజే.

పాలమూరు పిల్ల

బేకరీ అన్న చెప్పింది విన్నాక చీజ్ కూడా చూడాలనే అంటాను. పొయ్యి విషయంలో మాత్రం నా మాట నాదే. 485 డిగ్రీల్లో కాలినదీ 270 డిగ్రీల్లో కాలినదీ పక్కపక్కన పెట్టి తింటే మీరే ఒప్పుకుంటారు. మంచి కరెంటు ఓవెన్ పిజ్జా మంచిదే. దాన్ని అలాగే పిలుద్దాం.

నకిరేకల్ అక్క

మాలాంటి వాళ్ల గురించి ఎవరూ మాట్లాడలేదు. మేము షాపులో కూర్చుని తినం. మా ఆయన నల్గొండ పోయినప్పుడు పిల్లలకు పార్సిల్ తెస్తాడు. బండి మీద వచ్చేసరికి డబ్బాలో ఆవిరి పట్టి మెత్తబడుతుంది. పాలమూరు చెల్లె చెప్పే మెత్తటి అంచు పిజ్జా అయితే మా ఇంటికి వచ్చేసరికి తడిసిన గుడ్డే. పల్చగా, కొంచెం గట్టిగా కాల్చినదైతే ఇంట్లో పెనం మీద మూత లేకుండా రెండు నిమిషాలు పెడితే అడుగు మళ్లీ కరకరలాడుతుంది. మాకు అలాంటిది చేసే షాపే బెస్ట్. డబ్బా మూతకు రంధ్రాలు పెట్టి ఇచ్చే షాపతనికి ఇంకో మార్కు వేయాలి.

పానగల్లు వాసి

అక్కా, ఇది నిజంగా పట్టించుకోవాల్సిన మాట. మన దగ్గర అమ్ముడయ్యేదాంట్లో పార్సిళ్లే ఎక్కువ. కూర్చుని తినేదానికి ఒక లిస్టు, పార్సిల్‌కు ఒక లిస్టు వేద్దాం. రెండింటికీ రెడీమేడ్ బేస్ వాడే షాపులు వద్దు, అనలాగ్ చీజ్ వాడేవి వద్దు. మామూలు రోజున చెప్పకుండా వెళ్లి మార్గరీటా తిని రాయాలి, ప్రారంభోత్సవం నాడు ఫ్రీగా పెట్టినది తిని కాదు. ఒకసారి తిని కూడా రాయొద్దు. మాస్టర్ సెలవులో ఉన్న రోజు కూడా తెలియాలని జడ్చర్ల అన్న అన్నాడు కదా, అది న్యాయమే. ఎవరు ఎక్కడ తిన్నారో, అడుగు ఎలా ఉందో ఫోటోతో పెట్టండి. పై ఫోటో వద్దు, ముక్క తిప్పి తీయండి.

జడ్చర్ల అన్న

బేస్ ప్యాకెట్ల షాపులను తీసెయ్యడం వరకు నేను రెడీ. జడ్చర్ల, మహబూబ్‌నగర్ షాపులు నేను చూస్తా. కానీ చివర్లో ఏ బ్రాండు షాపు అయినా మార్గరీటాలో మీ నల్గొండ ఆయన్ను దాటితే పేరు పైన రాయాల్సిందే తమ్ముడూ. అప్పుడు ‘బ్రాండ్లకు వేరే లిస్టు’ అంటే మాత్రం నేను ఒప్పుకోను.