నియోజకవర్గం అంటే నేలా, మనుషులా?

నిన్న ఈ బృందంలోని ఒక సభ్యురాలు తాను రాస్తున్న వ్యాసంలోని ఒక వాక్యాన్ని ఇక్కడ ఉంచి, అది సరైనదేనా అని అడిగారు: "1984 నుంచి 2024 వరకు హైదరాబాదు నియోజకవర్గం మారలేదు, తీర్పూ మారలేదు." నాకు అభ్యంతరం మొదటి సగంతోనే. నియోజకవర్గం అనే మాటను మనం రోజూ వాడుతూ కూడా, అందులో ఏముందో చూడడం మానేశాము.

నియోజకుడు అంటే నియోగించేవాడు, అంటే ఒక పనికి ఒకరిని నియమించేవాడు. పాఠకుడు, గాయకుడు, పాలకుడు అన్నవి ఎలా ఏర్పడ్డాయో ఇదీ అలాగే ఏర్పడింది. ఎన్నికలో నియమించేది ఓటరు. నియుక్తుడయ్యేది గెలిచిన అభ్యర్థి. కాబట్టి పాఠకవర్గం అంటే చదివేవాళ్లు, పాలకవర్గం అంటే పాలించేవాళ్లు అయినట్టే, నియోజకవర్గం అంటే నియమించేవాళ్లు. పాఠకవర్గం అనగానే ఏదో ఒక ప్రాంతం మన కళ్ల ముందు కదలదు కదా. ఇంగ్లీషు కాన్‌స్టిట్యుయెన్సీలోనూ తనకు బదులుగా మరొకరిని నియమించేవాడనే అర్థమే ఉంది గనుక, మన మాట దానికి సరితూగుతుంది.

ఇరుగుపొరుగు భాషలను చూస్తే ఈ తేడా ఇంకా స్పష్టమవుతుంది. హిందీలో క్షేత్రం అంటారు, మలయాళంలో మండలం అంటారు. మన పాతబస్తీలో ఉర్దూ మాట్లాడేవారు హల్ఖా అంటారు, అంటే వలయం. ఇవన్నీ నేల మీద గీసిన గీతను చెప్పే మాటలు. మరాఠీ మాత్రం మతదార్ సంఘ్, అంటే ఓటర్ల సంఘం, అని మనలాగే మనుషులను పట్టుకుంది. నాలుగు వందల ఏళ్లుగా తెలుగు, ఉర్దూ, మరాఠీ కలిసి వినిపిస్తున్న ఈ నగరంలో, ఒకే విషయాన్ని ఒకరు గీతగానూ మరొకరు గుంపుగానూ పిలుచుకోవడం నాకు ఎంతో ఇష్టమైన సంగతి.

ఇక చరిత్ర. 1952లో హైదరాబాదు లోక్‌సభ స్థానం పేరే హైదరాబాదు నగరం. గెలిచినవారు అహ్మద్ మొహియుద్దీన్. 1957లో ఆయన సికిందరాబాదు నుంచి లోక్‌సభకు వెళ్లగా, ఇక్కడ వినాయకరావు కొరట్కర్ గెలిచారు. మేల్కోటే 1962, 1967లలో కాంగ్రెస్ తరఫున, 1971లో తెలంగాణ ప్రజా సమితి తరఫున గెలిచారు. 1977, 1980లలో కె.ఎస్. నారాయణ. 1984లో స్వతంత్రుడిగా గెలిచిన సుల్తాన్ సలాహుద్దీన్ ఒవైసీ 1999 వరకు వరుసగా ఆరుసార్లు, 2004 నుంచి ఆయన కుమారుడు అసదుద్దీన్ ఐదుసార్లు గెలిచారు. పేర్ల పట్టికగా చదివితే నలభై ఏళ్లలో ఏ మార్పూ కనిపించదు.

అయితే 2004 వరకు ఈ స్థానంలో తాండూరు, వికారాబాదు, చేవెళ్ల శాసనసభ స్థానాలు కూడా ఉండేవి. 2008 పునర్విభజన వాటిని కొత్తగా ఏర్పడిన చేవెళ్ల లోక్‌సభ స్థానంలో చేర్చింది. 2009 నుంచి మలక్‌పేట, కార్వాన్, గోషామహల్, చార్మినార్, చాంద్రాయణగుట్ట, యాకుత్‌పురా, బహదూర్‌పురా అనే ఏడు శాసనసభ స్థానాలతో ఇది పూర్తిగా నగరంలోనే ఉంది. అంటే నగరానికి సుమారు వంద కిలోమీటర్ల వరకు దూరంలో, కంది చేల నడుమ, నాపరాతి గనుల పక్కన ఉండి హైదరాబాదు ఎంపీని ఎన్నుకున్నవాళ్లు ఒక్కసారిగా ఆ వర్గంలోంచి బయటికి వెళ్లారు. పేరు అదే, వర్గం వేరు.

తాండూరులో ఉండే మా పెదనాన్నను ఒకసారి ఈ సంగతి అడిగాను. వాకిట్లో నాపరాతి అరుగు మీద కూర్చుని కందులు చెరుగుతున్న ఆయన చేట ఆపకుండానే, "మేం యాడికి పోలే బిడ్డా, మమ్ములనే తీసి చేవెళ్లల కలిపిన్రు" అన్నారు. ఊరిని కలిపారని ఆయన అనలేదు, మమ్ముల అన్నారు. నిఘంటువు చూడకుండానే నియోజకవర్గం అనే మాట అసలు అర్థం ఆయన నోట పలికింది.

మరి "మంత్రిగారు నియోజకవర్గంలో పర్యటించారు" అనడం తప్పా అని మరొకరు అడిగారు. తప్పు కాదండి. ఊరు అనేది చోటైనా "ఊరంతా కదిలింది" అంటాము. అక్కడ చోటు మాట మనుషులకు పాకితే, ఇక్కడ మనుషుల మాట చోటుకు పాకింది. పైగా వర్గపోరు, సామాజికవర్గం వంటి మాటలు పెరిగి, వర్గం అనగానే చెవికి వేరే అర్థం తోచడం కూడా ఇందుకు కొంత కారణమని నా అభిప్రాయం. వార్తలో ఈ వాడుకతో ఇబ్బంది లేదు, కానీ దశాబ్దాల చరిత్ర రాసేటప్పుడు ఉంది. అందుకే ఏళ్ల తరబడి కొనసాగే దానిని స్థానం అనీ, ఫలానా ఎన్నికలో ఓటు వేసినవారిని నియోజకవర్గం అనీ విడివిడిగా రాయడం మేలు.

ఆ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: "1984 నుంచి 2024 వరకు హైదరాబాదు స్థానంలో గెలుపు ఒకే కుటుంబానిది, నియోజకవర్గం మాత్రం 2009లో మారింది."