ఎయిర్ గిటార్‌ను మన దిక్కు ఏమనాలె? "ఉత్తుత్తి" మీద ఒక ముచ్చట

మొన్న హన్మకొండల మా అక్కోళ్లింటికి పోతె, తొమ్మిదో క్లాసు సదివే మా అల్లుడు చెవుల్ల ఇయర్‌ఫోన్లు పెట్టుకొని అద్దం ముంగట కండ్లు మూసుకొని నిలబడ్డడు, ఎడమ చెయ్యి పైకి కిందికి జారుతున్నది, కుడి చెయ్యి కడుపుకాడ తీగెలు గీరుతున్నది, చేతుల మాత్రం ఏం లేదు. గిటార్ లేకుంటనే వాయించినట్టు ఆడే గీ ఆటనే ఎయిర్ గిటార్ అంటరు. మా అమ్మ చూసి "వీడు ఉత్తుత్తగ ఏందో మీటుతుండు సూడరాదే" అన్నది. అప్పటిసంది ఆ మాట నన్ను ఇడుస్తలేదు.

ఫిన్లాండ్‌ల ఔలు అనే ఊర్ల 1996ల దీనికి ప్రపంచ పోటీలే మొదలుపెట్టిండ్రు, ఒక్కొక్కలకు 60 సెకండ్లు, మార్కులు 4.0 నుంచి 6.0 దాంక. వాళ్ల భాషల ఇల్మకితార అంటరు, ఇల్మ అంటె గాలి. అట్లని మనం "గాలి వాద్యం" అంటె కుదరదు. గాలి వాద్యం అనంగనే సన్నాయి, పిల్లనగ్రోవి యాదికొస్తయి, ఊదేటివి. పోనీ "గాలి గిటార్" అందామంటె గాలిమాటలు, గాలితిరుగుడు లెక్క అండ్ల తిట్టు వాసన వస్తది. గాలిపటానికి, మన పెద్దోళ్లనే గాలిమోటర్‌కు ఆ వాసన లేదు, ఎందుకంటె అవి నిజంగనే గాలిల పోతయి.

"దొంగ" కూడ పనికిరాదు. దొంగనిద్ర, దొంగ ఏడ్పు అంటె ఎదుటోళ్లను నమ్మియ్యాలని చేసేటివి. ఉత్తుత్తిల ఆడేటోళ్లకు ఎరుకే, చూసేటోళ్లకు ఎరుకే. చిన్నప్పుడు ఇసుకతోని బువ్వ వండి పెడితె మా అమ్మమ్మ నోటికాడికి తెచ్చుకొని "ఉప్పు జర తక్కువైంది బిడ్డా" అనేది, గది ఉత్తుత్తి. అందుకే నా ఓటు ఉత్తుత్తి గిటార్‌కు.

జవాబు: తమ్మీ, ఉత్తుత్తి మంచిగున్నది గని మీ అమ్మ అన్న "మీటుతుండు" ఇంకా మంచిగున్నది, దాన్ని పోనియ్యకు. మనకు డప్పు కొట్టుడు, సన్నాయి ఊదుడు, వీణ మీటుడు, దేని పని దానికే ఉన్నది, వాయించుడు అని అన్నిటికి ఒక్కటే పెట్టినంక చెయ్యి ఏం చేస్తున్నదో కనిపిస్తలేదు. ఇంకొకటి, ఐనవోలు జాతరకు పోయొచ్చిన పిల్లల్ని చూడు, మెడల ఏం లేకున్న డోలు ఉన్నట్టె వంగుతరు, ఎగురుతరు, రెండు దిక్కుల దరువేస్తరు, "డండనక డండనక" అని సప్పుడు నోట్లకెళ్లే వస్తది. ఔలుల పాట స్పీకర్లకెళ్లి వస్తది, మనకాడ డోలు కొట్టేటోడే డోలు అయితడు.

జవాబు: అక్కా, నిజమే, నోటి దరువు సంగతి నాకు తట్టనే లేదు. మరి నాట్యంల కృష్ణుడు వస్తడు చూడు, పిల్లనగ్రోవి ఉండదు, వేళ్లే ఉంటయి, దాన్ని ఉత్తుత్తి అనబుద్ధి కాదు, అది అభినయం. రెండింట్ల చేసే పని ఒక్కటే, అభినయం ఎదుటోళ్లకు చూపెట్టేది, ఉత్తుత్తి ఎవ్వలు చూడకున్న తన కోసం తను ఆడేది, మా అల్లుడు కండ్లు మూసుకున్నది అందుకే అనిపిస్తున్నది. జగిత్యాల, ఆదిలాబాద్ దిక్కోళ్లు ఉంటె చెప్పుండ్రి, మీకాడ ఉత్తుత్తి అంటరా, ఉట్టుట్టి అంటరా, ఇంకేదన్న మాట ఉన్నదా?